కాలేజీ మైదానం తర్వాతి మెట్టు

కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ మూలన, దివిసీమ నుంచి బందరు మీదుగా కృత్తివెన్ను దాకా, ఆటలు రెండు తావుల్లో పెరిగాయి. చెడుగుడుకు కోతలైన చేను చాలు. వాలీబాల్‌కు రెండు గుంజలు, ఒక వల ఉంటే సరి. అందుకే ఆ రెండూ పల్లెల్లోకి నడిచివెళ్లి, సంక్రాంతి పోటీలతో ఊరి ఆటలైపోయాయి. బాస్కెట్‌బాల్ దారి వేరు. బంతి నేలను తాకిన ప్రతిసారీ ఎగిరి చేతికి రావాలి. వానకు బురదయ్యే, ఎండకు నెర్రెలు విచ్చే డెల్టా మట్టి మీద అది సాధ్యం కాదు. గట్టి నేల, ఎత్తున బోర్డు, దానికొక ఇనుప రింగు కావాలి. వాటిని ఏర్పాటు చేయగలిగినవి ఎక్కువగా హైస్కూళ్లూ కాలేజీలే. కాబట్టి ఇక్కడ ఈ ఆట చరిత్ర చాలామటుకు విద్యాసంస్థల చరిత్రే. అది పుట్టిన అమెరికాలోనూ అంతే. నూట ముప్పయ్యేళ్లు దాటిన ఆ ప్రస్థానాన్ని మన డెల్టా గట్టు మీద నిలబడి వెనుదిరిగి చూస్తే ఒక సంగతి స్పష్టపడుతుంది. కాలేజీలో మెరిసినవాళ్లకు ఏ తరంలోనూ కొదవలేదు. ఆ కాలేజీ దాటగానే కాలు మోపడానికి మెట్టు ఉందా లేదా అన్నదే ప్రతి తరంలోనూ వాళ్ల గతిని తేల్చింది.

1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో నాలుగు గోడల మధ్య కుర్రాళ్లు ఆడుకోవడానికి రెండు పీచ్ పండ్ల బుట్టలు కట్టించి, పదమూడు నియమాలు రాసి ఈ ఆటకు ప్రాణం పోశాడు. ఏడాది తిరగక ముందే సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయురాలు స్మిత్ కళాశాలలో ఆడపిల్లలకు దీన్ని నేర్పడం మొదలుపెట్టింది. నైస్మిత్ తర్వాత కాన్సస్ విశ్వవిద్యాలయానికి చేరి, అక్కడ ఆటతో పాటు శిక్షకులనూ తయారుచేశాడు. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టు వ్యవహారాలు చూసినవాడూ ఆయనే. ఆయన కళాశాల తయారుచేసిన వ్యాయామ ఉపాధ్యాయులు మద్రాసు రాజధాని నలుమూలలా పనిచేశారు. మన పెద్దలు డ్రిల్లు మాస్టారు అని పిలుచుకున్న ఆ పరంపరకు ఊట అక్కడిదే. అప్పటికి కృష్ణా జిల్లా ఆ రాజధానిలో భాగం. పీచ్ బుట్టల ఆటకూ తెలుగునాటి బడి మైదానానికీ మధ్య దూరం మనం అనుకునేంత ఎక్కువేమీ కాదు.

మైదానాలు మనకు అంతకు ముందే ఉన్నాయి. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1843లో బందరులో పెట్టిన బడి నోబుల్ కాలేజీగా ఎదిగింది. 1910లో కోపల్లె హనుమంతరావు, మిత్రులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో గుడివాడ కూడా కాలేజీ ఊరైంది; అక్కినేని నాగేశ్వరరావు పేరు దానికి స్థిరపడింది. ఈ ప్రాంతపు విద్యార్థి మొదట 1857 నాటి మద్రాసు విశ్వవిద్యాలయం గొడుగు కింద చదివాడు. 1926 తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, 1976 తర్వాత నాగార్జునకు, 2008 నుంచి బందరులోనే వెలసిన కృష్ణా విశ్వవిద్యాలయానికి చెందాడు. అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఎంపిక కావడమే పల్లె కుర్రాడికి పెద్ద ప్రపంచపు తలుపు గనుక, ఈ వరసలో ఒక దగ్గరితనం కనిపిస్తుంది. ముత్తాత తరం మద్రాసు దాకా వెళ్లి తట్టవలసిన తలుపు మునిమనవడి నాటికి సొంత ఊళ్లోకే వచ్చింది.

ఆ తొలి కాలంలో ఆటగాడిని ఆదుకున్న మెట్టు సంస్థానం. అందుకు క్రికెటర్ సి.కె. నాయుడు జీవితమే సాక్ష్యం. 1895లో నాగపూర్‌లో పుట్టినా ఆయన పూర్వీకులది మచిలీపట్నం, అంటే మన బందరే. విద్యార్థి దశలోనే బ్యాటు పట్టిన ఆ యువకుణ్ణి ఇండోరు హోల్కర్ సంస్థానం పిలిచి సైన్యంలో హోదా ఇచ్చింది. 1926లో బొంబాయిలో ఎంసీసీ జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసి, 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టుకు నాయకత్వం వహించిన ఆ వీరుడికి ఆట జీతమివ్వలేదు. ఆటనెరిగిన ప్రభువు ఇచ్చాడు. సంస్థానం కంట పడని ఎందరో ప్రతిభావంతులు చదువు ముగియగానే కచేరీ గుమాస్తాలై, బడి పంతుళ్లై ఆటను సాయంత్రాలకు పరిమితం చేసుకున్నారు.

మనం స్వాతంత్ర్యపు వాకిట నిలిచిన 1946లో అమెరికాలో వృత్తి బాస్కెట్‌బాల్ సంఘం ఒకటి పుట్టి, 1949లో మరో సంఘంతో కలిసి ఎన్‌బీఏ అయింది. అది చేసిన తెలివైన పని, కాలేజీ ఆటనే తన నారుమడిగా గుర్తించడం. ఏటా కాలేజీ ముగించిన ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు పద్ధతి 1947లోనే మొదలైంది. మొదట్లో ఆ ద్వారం నల్లజాతీయులకు మూసి ఉంది. 1950లో బోస్టన్ జట్టు చక్ కూపర్‌ను ఎంచుకోవడంతో, అదే ఏడాది అక్టోబరు 31న ఎర్ల్ లాయిడ్ బరిలోకి దిగడంతో ఆ గోడ కూలింది. వాళ్ల వెనుకే బిల్ రస్సెల్ వచ్చాడు. శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయానికి 1955, 1956లలో వరుసగా జాతీయ కిరీటాలు తెచ్చి, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, బోస్టన్‌లో పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్లు అందుకున్నాడు. 1966లో ఆ జట్టుకే శిక్షకుడై, ఎన్‌బీఏలో ఆ బాధ్యత చేపట్టిన తొలి నల్లజాతీయుడిగా నిలిచాడు. కాలేజీ నుంచి కీర్తికి వెళ్లే దారి ఎలా ఉండాలో ఆయన నడకే చూపింది.

తర్వాతి ఇరవయ్యేళ్లు ఆ దారికి స్వర్ణయుగం. శిక్షకుడు జాన్ వుడెన్ చేతిలో యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం 1964 నుంచి 1975 వరకు పది జాతీయ టైటిళ్లు గెలిచింది. మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రధాన జట్టులో చోటివ్వని ఆ రోజుల్లో, లూ ఆల్సిండర్ మిగిలిన మూడేళ్లూ వరసగా కిరీటం తెచ్చి, 1969 డ్రాఫ్టులో తొలి ఎంపికగా బయటికొచ్చాడు. కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచం ఎరిగినది ఆయన్నే. 1979 జాతీయ ఫైనల్లో మిషిగన్ స్టేట్ తరఫున మ్యాజిక్ జాన్సన్, ఇండియానా స్టేట్ తరఫున లారీ బర్డ్ తలపడ్డారు. విద్యార్థుల నడుమ మొదలైన ఆ పోటీయే మరుసటి దశాబ్దంలో వృత్తి ఆటకు జవసత్వాలు తెచ్చింది. 1982లో నార్త్ కరోలైనాను గెలిపించిన బుట్ట వేసినప్పుడు మైకేల్ జోర్డాన్ మొదటి సంవత్సరం విద్యార్థి. మూడేళ్లకే చదువు వదిలి వృత్తిలో చేరినా, తిరిగివచ్చి 1986లో భూగోళశాస్త్రంలో పట్టా అందుకున్నాడు.

అదే కాలంలో ఆ దారికి మరో పాయ చీలింది. హైస్కూలు ముగిసి నాలుగేళ్లు గడవకుండా లీగులో చేరరాదన్న నిబంధనను స్పెన్సర్ హేవుడ్ సుప్రీంకోర్టు దాకా ఎదిరించి 1971లో నెగ్గాడు. పేదింటి బిడ్డ తన శ్రమకు జీతం ఎప్పుడు పుచ్చుకోవాలో కాలేజీ నిర్ణయించరాదన్న న్యాయం అందులో ఉంది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయాంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచే నేరుగా లీగులో అడుగుపెట్టారు. నాలుగేళ్లు కాలేజీలో మెరుగులు దిద్దుకున్న జబ్బార్ నెలకొల్పిన 38,387 పాయింట్ల రికార్డును 2023 ఫిబ్రవరిలో దాటినవాడు కాలేజీ గడప తొక్కని లెబ్రాన్ కావడం ఆ రెండు దారుల కథనూ ఒక్క రాత్రిలో చెప్పింది. 2006 డ్రాఫ్టు నుంచి పంతొమ్మిదేళ్లు నిండాలని, హైస్కూలు తర్వాత ఏడాది గడవాలని లీగు నియమం పెట్టింది. 2021లో కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకునే హక్కు పొందారు. ఆడపిల్లల దారి 1972 నాటి సమాన విద్యావకాశాల చట్టంతో తెరుచుకుని 1997లో వృత్తి లీగుకు చేరింది. 2024లో కెయిట్లిన్ క్లార్క్ ఆడిన మహిళల కాలేజీ ఫైనల్‌ను పురుషుల ఫైనల్ కంటే ఎక్కువమంది చూశారు. ఇంత వైభవంలోనూ ఆ శిఖరం ఇరుకైనదే. ముప్పై జట్లు, జట్టుకు పదిహేను పూర్తిస్థాయి స్థానాలు. ఏటా ఎంపికయ్యేది అరవై మంది లోపే. మిగిలిన వేలమందిని నిలబెట్టేది వాళ్ల చేతిలోని పట్టాయే.

మన దేశంలో సంస్థానాలు పోయాక ఆ స్థానంలోకి కార్యాలయం వచ్చింది. 1950లో జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. రైల్వేలు, సైన్యం, పోలీసు, బ్యాంకులు, ప్రభుత్వరంగ సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగమిచ్చి జట్లు కట్టాయి. 1980 మాస్కోలో భారత బాస్కెట్‌బాల్ జట్టు మొదటిసారి ఒలింపిక్స్ ఆడింది. మళ్లీ ఆ అవకాశం ఇంతవరకు రాలేదు. తెలుగువారికి ఈ ఉద్యోగపు మెట్టు వాలీబాల్‌లో గొప్ప ఫలమిచ్చింది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, అర్జున గ్రహీత పి.వి. రమణ రైల్వే ఉద్యోగి. భార్య విజయ కూడా జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణే. జీతం, ఉద్యోగ నిశ్చింత, సాయంత్రం సాధనకు అనుమతి: పేరున్న ఆటగాడికి ఆనాడు ఇంతకు మించిన వరం లేదు. ఆ ఇంట్లోనే పి.వి. సింధు పెరిగింది. బ్యాడ్మింటన్‌లో రియో ఒలింపిక్స్ రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో ప్రపంచ కిరీటం తెచ్చింది. ఒక తరానికి ఉద్యోగం ఇచ్చిన స్థిరత్వమే మరో తరానికి సాహసమైంది.

సింధు నాటికి మెట్టు మళ్లీ మారింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ 2008లో హైదరాబాద్‌లో అకాడమీ తెరిచాడు. అంతకు ముందే మన గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి, తండ్రి అశోక్ శిక్షణలో 2002లో పదిహేనేళ్లకే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది. ఆమె వెనుకా ఓఎన్‌జీసీ ఉద్యోగమనే పాత మెట్టు ఉంది. కృష్ణ ఒడ్డునే పెరిగిన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కె.ఎల్. విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ విల్లు సాధన చేసి, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. చదువునీ ఆటనీ ఒకే చేత్తో మోయవచ్చని మన గడ్డ మీదే నిరూపించినవాళ్లలో ఆమె ముందు వరసలో ఉంటుంది. బాస్కెట్‌బాల్‌లో మాత్రం పంజాబ్ పల్లె కుర్రాడు సత్నాం సింగ్ 2010లో ఫ్లోరిడా అకాడమీకి వెళ్లవలసి వచ్చింది. 2015లో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకోవడంతో డ్రాఫ్టులో నిలిచిన తొలి భారతీయుడయ్యాడు. ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే యోగం అతనికి కలగలేదు; అయినా దారి ఉందని చూపాడు.

2008లో క్రికెట్‌తో మొదలైన లీగుల యుగం 2014లో కబడ్డీకి, ఆపై వాలీబాల్‌కు విస్తరించి, ఊరి ఆటలకు కూడా వృత్తి గౌరవం తెచ్చింది. బాస్కెట్‌బాల్‌కు 2015లో హైదరాబాద్ జట్టుతో సహా వచ్చిన లీగు రెండేళ్లకే ఆగిపోయింది. 2020లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు కాలేజీ ఆటకు మళ్లీ దేశం కళ్ల ముందు చోటిచ్చాయి. ప్రభువు, కార్యాలయం, అకాడమీ, లీగు: ఒక్కో తరంలో ఒక్కొక్కరు ఆటగాడికి చేయూతనిచ్చారు. ఈ మార్పులన్నిటా చెక్కుచెదరకుండా నిలిచినవి కాలేజీ మైదానం, అక్కడ ఈల పట్టుకున్న గురువు. అమెరికా తన కాలేజీని నమ్మి ఒక ఆటను ప్రపంచానికిచ్చింది. బందరులో సొంత విశ్వవిద్యాలయం ఉన్న ఈ తరం, గట్టి కోర్టు, జీతమున్న శిక్షకుడు, ఆటగాడి చదువు ఆగకుండా కాచే ఉపకార వేతనం అనే మూడింటినీ ఒక్కచోట చేర్చగలిగితే, కృత్తివెన్ను కుర్రాడో దివిసీమ అమ్మాయో తర్వాతి మెట్టు కోసం ఫ్లోరిడా దాకా పోనక్కరలేదు. మన ముందు తరాలు ఇంతకంటే తక్కువ వనరులతో ఇంతకంటే కష్టమైన మెట్లు కట్టాయి. ఈ ఒక్కటి కట్టడం మన వంతు.