మోసానికి పెట్టిన పేర్లు

సంస్కృతంలో కితవుడు అంటే జూదరి. వాని నడవడినిబట్టి పుట్టిన ‘కైతవం’ కపటమన్న అర్థంలో మన కావ్యాలలో స్థిరపడింది. ఈ వ్యుత్పత్తిని ముప్పై యేళ్లు పిల్లలకు చెప్పాను గాని, ఇంగ్లీషువారు మోసగానికి పెట్టుకున్న పేర్లు ఎక్కడ పుట్టాయో ఉద్యోగ విరమణ తరువాతనే తీరికగా వెదికి చూశాను.

అక్కడా వృత్తులే ముందు కనబడ్డాయి. ‘మౌంట్‌బ్యాంక్’ ఇటలీ మాట. సంతలో బల్ల ఎక్కి, నాలుగు కబుర్లు చెప్పి మందులమ్మేవాడు. ‘క్వాక్’ డచ్చివారి లేపనాల వ్యాపారి పేరుకు కుదింపు. ‘స్విండ్లర్’ పద్ధెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో జర్మను భాషనుండి వచ్చింది. దాని మూలంలో ఉన్నది తల తిరగడం. మూడూ ఎరువు తెచ్చుకున్నవే. దొంగ పేరును పొరుగింటినుండి తెచ్చుకోవడంలో ఒక సౌకర్యం ఉన్నది, మన ఇల్లు శుభ్రంగా కనబడుతుంది.

అమెరికావారు మాత్రం ఈ విషయంలో స్వతంత్రులు. 1849లో న్యూయార్కు వీధులలో విలియం థాంప్సన్ అనే మనిషి ఉండేవాడు. మంచి దుస్తులు ధరించి, అపరిచితులను పాతమిత్రునిలా పలకరించి, కాసేపు ముచ్చటించి, “రేపటిదాకా మీ గడియారం నాకిచ్చేటంత విశ్వాసం నామీద ఉన్నదా?” అని అడిగేవాడట. లేదనడానికి మొగమాటపడి కొందరు ఇచ్చేవారు. ఆ జూలైలో అతడు పట్టుబడినప్పుడు పత్రికలు అతనికి ‘కాన్ఫిడెన్స్ మ్యాన్’ అని పేరు పెట్టాయి. నేటి ‘కాన్ మ్యాన్’ దాని సంక్షిప్తరూపమే. 1857లో హెర్మన్ మెల్విల్ ఆ పేరుతోనే నవల వ్రాశాడు. ఈ పేరు నాకు నచ్చింది. ఒక మనిషి చేసిన పనినుండి పుట్టి, అటువంటి పని చేసినవానికే అంటుకున్నది. థాంప్సన్ కులమేది, ఊరేది అన్న ప్రసక్తి అందులో లేదు.

అన్ని మాటలకూ ఈ న్యాయం దక్కలేదు. మోసగించడాన్ని అమెరికను వాడుకలో ‘జిప్’ అంటారు. అది ‘జిప్సీ’నుండి వచ్చిందని నిఘంటుకారుల అభిప్రాయం. ఆ జిప్సీ అన్నదే ఒక పొరపాటు. వారిని ఈజిప్టువారనుకొని పెట్టిన పేరది. రోమా ప్రజల భాష హిందీ, పంజాబీలకు చుట్టమని పండితులు పద్ధెనిమిదవ శతాబ్దిలోనే గుర్తించారు. మన దేశంనుండి వెళ్లినవారికి మరొక దేశపు పేరు తగిలించి, ఆ పేరునుండి మోసానికి ఒక క్రియను తయారుచేశారన్నమాట.

ఇక ‘థగ్’. సంస్కృతంలో ‘స్థగ’ ధాతువుకు కప్పిపుచ్చడమని అర్థం. దానినుండి హిందీ ‘ఠగ్’, అనగా మోసగాడు. 1830ల దశకంలో కంపెనీ అధికారి విలియం స్లీమన్ బాటసారులను నమ్మించి చంపే ముఠాలపై దాడి సాగించి, వారి రహస్యభాషకు 1836లో ఒక పదకోశమే ప్రకటించాడు. అదే యేడు వచ్చిన 30వ చట్టం ప్రకారం, ఠగ్గుల ముఠాకు చెందినవాడని రుజువైతే చాలు, యావజ్జీవ శిక్ష. ఫలానా హత్య చేశాడని చూపనక్కరలేదు. 1839లో నిజాం కొలువులో ఉన్న మెడోస్ టేలర్ వ్రాసిన ఠగ్గు నవల ఈ మాటను ఇంగ్లండులో ఇంటింటికీ చేర్చింది. నేడు ఇంగ్లీషులో థగ్ అంటే వట్టి రౌడీ. కప్పిపుచ్చడమన్న మూలార్థం సముద్రం దాటాక రాలిపోయింది.

చేసిన పనిని విడిచి, పుట్టిన గుంపును చూసే ఆ పద్ధతి 1871 నేరస్థ జాతుల చట్టంతో మరింత బలపడింది. 1911లో అది మద్రాసు రాజ్యానికి వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో, హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరిట, ఎరుకలవారికోసం బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. ఇంగ్లీషు దొర పేరు తెలుగునాట దొంగతనానికి పర్యాయపదమైంది. దేశంలో ఆ చట్టం రద్దయినది 1952లో.

రద్దయిన పాతికేళ్లకు నా తరగతిలో ఆ ఊరి పిల్లవాడొకడు చేరాడు. ఒకనాడు నా కలం కనబడలేదు. నేను ముందు వెదికించినది వాని సంచీ. అందులో రెండు పుస్తకాలు, ఒక జామకాయ ఉన్నాయి. కలం సాయంత్రం నా హాజరుపట్టీలోనే దొరికింది. ఆ సంగతి వానికి చెప్పలేదు. మరునాడు అమరకోశం పాఠం యథావిధిగా చెప్పాను.

ఇంగ్లీషువారు వ్రాసిన చట్టంనుండే మన బజారుకు మరొక మాట వచ్చింది, ‘ఫోర్ ట్వంటీ’. 1860 శిక్షాస్మృతిలో, మోసపుచ్చి సొత్తు రాబట్టడాన్ని శిక్షించే సెక్షను సంఖ్య అది. దానికి కులమూ లేదు, ఊరూ లేదు. ఎవరు చేస్తే వారికే. 2024 జూలై 1నుండి ఆ శిక్షాస్మృతి పోయి, భారతీయ న్యాయసంహితలో ఆ నేరం 318వ సెక్షనుకు మారింది. మా వీధిలో మాత్రం పాలలో నీళ్లు కలిపేవాణ్ణి ఇంకా ఫోర్ ట్వంటీ అనే అంటున్నారు.