మూర్ఛ శస్త్రచికిత్సకు ముందు మెదడు మ్యాపింగ్

మందులకు లొంగని మూర్ఛలో ఫిట్స్ మెదడులో ఎక్కడ పుడుతున్నాయో, ఆ భాగాన్ని తీసేస్తే మాట, కదలిక, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయేమో ముందే తేల్చే పరీక్షలను కలిపి మెదడు మ్యాపింగ్ అంటారు. సరిగా ఎంచుకున్న రెండు మందులు తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే అది మందులకు లొంగని మూర్ఛ. ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ 2010లో ఈ నిర్వచనాన్ని ఖరారు చేసింది. మూర్ఛ రోగుల్లో సుమారు మూడోవంతు ఈ కోవలోకి వస్తారు.

1870లో జర్మన్ వైద్యులు ఫ్రిచ్, హిట్జిగ్ కుక్క మెదడుకు స్వల్పంగా కరెంటు తాకించి, ఒక్కో చోటు ఒక్కో కండరాన్ని కదిలిస్తుందని చూపారు. 1886లో లండన్‌లో విక్టర్ హార్స్‌లీ మూర్ఛకు శస్త్రచికిత్సలు చేశారు. 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన వైల్డర్ పెన్‌ఫీల్డ్, రోగిని మెలకువగా ఉంచి మాట్లాడిస్తూ మెదడు ఉపరితలాన్ని పరీక్షించేవారు. ఆయన వద్ద శిక్షణ పొందిన జేకబ్ చాందీ 1949లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించారు. 1952 ఆగస్టులో భారతదేశపు తొలి మూర్ఛ శస్త్రచికిత్స అక్కడే జరిగింది.

తొలినాళ్లలో మ్యాపింగ్ చాలావరకు ఆపరేషన్ బల్ల మీదే జరిగేది. హాన్స్ బెర్గర్ 1929లో మానవ ఈఈజీని (మెదడు విద్యుత్ తరంగాల నమోదును) ప్రచురించాక, పుర్రె తెరవకుండానే ఫిట్స్ జాడ తీయడం సాధ్యమైంది. 1949లో జపాన్‌లో జున్ వాడా మెడలోని ధమని ద్వారా మత్తుమందు పంపి, మెదడులో ఒక సగాన్ని కాసేపు నిద్రపుచ్చి మాట ఏ వైపు ఉందో కనిపెట్టారు. 1953లో అమెరికాలో ఒక రోగికి రెండు టెంపోరల్ లోబుల లోపలి భాగాలూ తొలగించగా అతనికి కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. ఆ అనుభవంతో జ్ఞాపకశక్తి పరీక్ష తప్పనిసరైంది. 1950ల చివర పారిస్‌లో తాలెరాక్, బాంకో మెదడు లోతుల్లోకి ఎలక్ట్రోడ్లు పంపే పద్ధతిని రూపొందించారు. 1990ల్లో, ఏ పనికి మెదడులో ఏ చోటు చురుకవుతుందో చూపే ఫంక్షనల్ ఎంఆర్‌ఐ వచ్చి చేరింది.

దక్షిణాదిలో 1995లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ సమగ్ర మూర్ఛ చికిత్సా కార్యక్రమం చేపట్టింది. హైదరాబాద్‌లో సికింద్రాబాద్ కిమ్స్ వైద్యులు మానస్ పాణిగ్రాహి, సీతా జయలక్ష్మి 2008లో శస్త్రచికిత్సకు ముందు చేయాల్సిన పరీక్షలపై సమీక్షా వ్యాసం ప్రచురించారు. వీడియో ఈఈజీ, ఎంఆర్‌ఐ, న్యూరోసైకాలజీ పరీక్షలు వీటిలో మొదటి మెట్టు. అవి ఒకే చోటును చూపకపోతే లోపలి ఎలక్ట్రోడ్ల అవసరం పడవచ్చు.

హైదరాబాద్‌లో భాషా పరీక్షకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియాపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 648 మంది రోగుల్లో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవారే. రెండు భాషలకు మెదడులో కొన్ని చోట్లు వేరుగా ఉండవచ్చని అమెరికాలో ఓజమన్, విటేకర్ 1978లోనే చూపారు. అందుకే తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే రోగికి బొమ్మల పేర్లు చెప్పే పరీక్షను రెండు భాషల్లోనూ పెట్టాలి.

ఫిట్స్ పుట్టే చోటు, మాటకు ఆధారమైన చోటు ఒకటేనని తేలితే సాధారణంగా ఆ భాగాన్ని తొలగించరు.