బృంద అభ్యసనం (విజ్ఞానశాస్త్రం)

విజ్ఞానశాస్త్ర తరగతిలో ముగ్గురు నలుగురు విద్యార్థులు కలిసి ప్రయోగం చేసి, కారణం వెతికి, ఒకరికొకరు వివరించుకునే పద్ధతి. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ రూపొందించిన 'జిగ్సా' దీనికి పేరున్న నమూనా: పాఠంలో ఒక్కో భాగం ఒక్కొక్కరు నేర్చుకుని మిగతావారికి చెప్పాలి.

తెలుగు నేలపై దగ్గరి ఉదాహరణ, 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి సైన్స్ సంబరాలు. ముగ్గురు పిల్లలు ఒక జట్టుగా చర్చించుకుని జవాబులు రాస్తారు. గెలిచినా ఓడినా ముగ్గురూ కలిసే.

పెద్దపల్లి జిల్లా రామగిరి వంటి సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో జట్టుకు కావలసిన ప్రశ్నలు గడప ముందే ఉన్నాయి. ఉపరితల గనిలో పేలుడు జరిగితే దూరాన ఉన్న ఇల్లు ఎందుకు అదురుతుంది? వానకు ముందు, తర్వాత వేపాకు మీద ఎంత దుమ్ము ఉంది? భూగర్భ గనిలో మీథేన్ పైకప్పు దగ్గరే ఎందుకు చేరుతుంది? గాలికన్నా తేలిక కాబట్టి అన్న జవాబు పుస్తకంలో ఉంది. కానీ గనిలో పనిచేసే నాన్నను అడిగి వచ్చిన పిల్ల ఆ పూట జట్టుకే గురువవుతుంది. మార్కులు పుట్టించలేని ఆసక్తి అక్కడ పుడుతుంది.

పని ఒకరిది, పేరు అందరిదీ అయితే ఈ పద్ధతి చెడుతుంది. అందుకే విద్యా పరిశోధకుడు రాబర్ట్ స్లావిన్ జట్టు లక్ష్యంతోపాటు వ్యక్తిగత బాధ్యతా ఉండాలన్నాడు. పరీక్షనాళిక చేతులు మారుతుండాలి, ముఖ్యంగా రాతపనికే పరిమితమయ్యే ఆడపిల్లల చేతికి అందాలి.