సున్నపురాతి సాక్ష్యము

సున్నపురాతిని బట్టీలో కాల్చిన నేమగునో మన పల్లెలలో నెరుగనివారు లేరు. అందలి బొగ్గుపులుసు గాలి వెడలిపోయి సున్నము మిగులును. ఈ సామాన్యవిషయమే యొకప్పుడు యూరపుఖండమున గొప్ప వివాదమునకు మూలమయ్యెను.

పదునెనిమిదవ శతాబ్ది చివర, జర్మనీయందలి ఫ్రైబెర్గు గనుల విద్యాలయములో వెర్నరు పండితుడు, గ్రానైటు మొదలగు శిలలు ఆదిసముద్రజలమునుండి పేరుకొన్నవని బోధించుచుండెను. స్కాట్లండు దేశీయుడగు జేమ్సు హట్టను దీని నంగీకరింపలేదు. 1785లో నాతడు గ్లెన్ టిల్టు లోయలో ఎర్రని గ్రానైటు తీగలు ఇతరశిలలను చీల్చుకొని చొచ్చియుండుట కనుగొనెను. చొచ్చిన రాయి కరగిన స్థితిలో వచ్చెననియు, భూగర్భమునందలి వేడిమియే శిలలను మార్చుననియు నాతని వాదము.

ప్రతిపక్షులు సున్నపురాతిని సాక్షిగా నిలిపిరి. అంతటి వేడిమియే యున్నచో ఆ రాయి సున్నము గాక చలువరాయి యెట్లయ్యెనని వారి ప్రశ్న. పైశిలల బరువు గాలిని వెడలనీయదని హట్టను సమాధానము. అది యుక్తమైన యూహ. కాని ఋజువు లేదు.

హట్టను మిత్రుడును శిష్యప్రాయుడునగు సర్ జేమ్సు హాలు దానిని పరీక్షింపగోరెను. చిన్నమూసలోనికి తొంగిచూచి ప్రకృతియొక్క మహాకార్యములను నిర్ణయింపరాదని హట్టను తలంపు. హాలు పెద్దవాని మనసు నొప్పింపక మిన్నకుండెను. 1797లో హట్టను గతించెను; 1798లో హాలు కొలిమి రగిల్చెను. సీమసున్నపు పొడిని తుపాకి గొట్టములలో నించి, మూతులు బిగించి కాల్చెను. గొట్టములు పలుమారులు పగిలెను. అయినను విడువక ఐదువందలకు పైగా ప్రయోగములు చేసెను. గాలికి దారి లేనప్పుడు పొడి సున్నము గాక, చలువరాతివలె స్ఫటికమయమై గట్టిపడెను. 1805లో నీ ఫలితములను ఎడింబరో రాయల్ సొసైటీలో చదివెను.

గురువు గెలిచెను, కాని సంపూర్ణముగా గాదు. సున్నపురాయి కరగి చలువరాయి యగునని హట్టను తలచెను. కరగకయే, ఘనస్థితియందే దాని స్ఫటికములు తిరిగి పేర్చుకొని పెద్దవగునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. చొచ్చిన శిలకు దాపున మార్పు అధికము, దూరమైనకొలది స్వల్పము.

ఇట్టి మార్పునకు మన కడపసీమయే నిదర్శనము. పులివెందుల ప్రాంతమున మెగ్నీషియముగల వేంపల్లె సున్నపురాళ్లలోనికి నల్లని అగ్నిశిల చొచ్చినది. ఆ రెండును కలియు అంచున, వేడిమిచేతను వేడినీటిచేతను రాతినార పుట్టినది.

నేనును ఉపాధ్యాయుడనే. గురువు జీవించియున్నంతకాలము హాలు వేచియుండుట ఆయన వినయము. కాని శిష్యుని అంతకాలము వేచియుండజేయుట గురువునకు గౌరవమా? మన మాటను మన యెదుటనే కొలిమిలో పెట్టి చూడుమని బాలురతో చెప్పగలిగిననాడే మనము విద్య నేర్పినవారమగుదుము.