బిలియర్డ్స్ బల్లపై జట్ల లీగ్.. ఐదింట ఒకటి హైదరాబాద్

నంద్యాల: క్రికెట్‌కు 2008లో ఐపీఎల్, కబడ్డీకి 2014లో ప్రో కబడ్డీ వచ్చిన తరహాలోనే బిలియర్డ్స్ బల్ల ఆటలకూ వృత్తి క్రీడాకారుల జట్ల లీగ్ ఒకటి మన దేశంలో జరిగింది. దాని పేరు ఇండియన్ క్యూ మాస్టర్స్ లీగ్. 2017 ఆగస్టులో అహ్మదాబాద్ వేదికగా ఈ పోటీలకు శ్రీకారం చుట్టారు. ఢిల్లీ డాన్స్, చెన్నై స్ట్రైకర్స్, బెంగళూరు బడ్డీస్, గుజరాత్ కింగ్స్, హైదరాబాద్ హస్లర్స్ పేర్లతో ఐదు జట్లు తలపడ్డాయి. రెండు తెలుగు రాష్ట్రాల పేరున బరిలో నిలిచినది హైదరాబాద్ జట్టు ఒక్కటే. ప్రపంచ విజేత పంకజ్ అద్వానీ చెన్నై జట్టు తరఫున ఆడారు. పురుషులతో పాటు మహిళా క్రీడాకారిణులకూ, విదేశీయులకూ జట్లలో చోటు కల్పించడం విశేషం.

ఒంటరి ఆటకు జట్టు రూపం

ఈ లీగ్‌కు రెండు ఆటలను ఎంచుకున్నారు. ఒకటి సిక్స్ రెడ్ స్నూకర్, రెండవది ఎయిట్ బాల్ పూల్. సాధారణ స్నూకర్‌లో ఎర్ర బంతులు 15 ఉంటాయి. ఒక్క విడతలో సాధించగల గరిష్ఠ పాయింట్లు 147. ఎర్ర బంతులను ఆరుకు కుదిస్తే ఆ గరిష్ఠం 75కు తగ్గుతుంది, ఆట కూడా త్వరగా ముగుస్తుంది. టీవీ ప్రేక్షకుడి ఓపికను దృష్టిలో పెట్టుకుని చేసిన మార్పు ఇదని వేరే చెప్పనక్కరలేదు. ఎయిట్ బాల్ పూల్‌లో ఒకరికి నిండు రంగు బంతులు ఏడు, మరొకరికి చారల బంతులు ఏడు. తన ఏడింటినీ పాకెట్లలో వేసిన తరువాతే ఎనిమిదవ నంబరు నల్ల బంతి జోలికి పోవాలి. తొందరపడి ముందే వేసినవారు ఆ ఫ్రేమ్‌ను కోల్పోతారు.

నిజానికి స్నూకర్ పుట్టిల్లు మన దేశమే. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారి నెవిల్ చాంబర్లేన్ ఈ ఆటకు రూపమిచ్చినట్లు చెబుతారు. ఆట నియమాలు ఊటీ క్లబ్బులో స్థిరపడ్డాయి. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచిన విల్సన్ జోన్స్ స్వతంత్ర భారతానికి తొలి ప్రపంచ విజేత. ఇంతటి చరిత్ర ఉన్న ఆటకు జట్ల లీగ్ రావడానికి 2017 వరకు ఆగవలసి వచ్చింది. ఆ తరువాతనైనా ఐపీఎల్ వలె ఏటేటా జరిగే వేడుకగా అది నిలదొక్కుకోలేదు.

విదేశాలలో ఇలా

అమెరికా, యూరప్ జట్ల మధ్య నైన్ బాల్ పూల్‌లో మోస్కోని కప్ 1994 నుంచి జరుగుతోంది. అయితే అది రెండు జట్ల పోరు మాత్రమే. పూర్తిస్థాయి వృత్తి లీగ్‌కు ఉదాహరణగా దక్షిణ కొరియాను చెప్పుకోవాలి. అక్కడ పాకెట్లు లేని బల్లపై ఆడే త్రీ కుషన్ బిలియర్డ్స్‌కు ఆదరణ ఎక్కువ. 2019లో వృత్తి క్రీడాకారుల టూర్‌ను, 2020లో జట్ల లీగ్‌ను ప్రారంభించారు. జట్లకు నగరాల పేర్లు కాక వాటిని పోషించే కంపెనీల పేర్లే ఉంటాయి. స్త్రీ పురుషులు ఒకే జట్టులో ఆడతారు. ఏడాది పొడవునా టూర్, దానిపై లీగ్ ఉండడంతో ఆటగాడికి ఆటే జీవనాధారం కాగలుగుతోంది.

మన దేశంలో ఆ భారాన్ని మోస్తున్నది ప్రభుత్వ రంగ సంస్థలు. పంకజ్ అద్వానీ ఓఎన్‌జీసీ ఉద్యోగి. 2024 నాటికి 28 ప్రపంచ టైటిళ్లు గెలిచిన క్రీడాకారునికే కొలువు ఆసరా అయినపుడు, తక్కినవారి సంగతి ఊహించుకోవచ్చు.

బల్లే అసలు అడ్డంకి

నంద్యాల 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. కబడ్డీ, ఖోఖోలకు పాఠశాల ఆవరణలో సున్నంతో గీతలు గీస్తే చాలు. బిలియర్డ్స్‌కు అది కుదరదు. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల పూర్తి పరిమాణపు బల్ల బరువు టన్నుకు పైమాటే. పచ్చని వస్త్రం కింద ఉండేది చెక్క కాదు, పలకరాయి. మార్కాపురం బడిపలకల రాయి కూడా ఈ జాతిదే. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి వేరు, అది సున్నపురాయి. సుమారు 45 మిల్లీమీటర్ల మందం గల ఐదు రాతి ఫలకాలను వెంట్రుకవాసి తేడా లేకుండా జోడించి సమం చేయాలి. పూల్ బల్ల 9 అడుగులే గనుక కొంత తేలిక. ఖర్చూ, చోటూ తగ్గుతాయి. జిల్లా స్థాయిలో ఎవరైనా ఈ ఆటకు పునాది వేయదలిస్తే స్నూకర్ కన్నా పూల్‌తో మొదలుపెట్టడమే తెలివైన పని. పైగా 2017 లీగ్‌లో సగం ఆట అదే.