ఏ ఏడాది ఇంజన్? బెంగళూరు మోడలర్ల వెతుకులాట

డకోటా విమానం మోడల్ కిట్ కొని పెట్టె తెరిస్తే, ఇంజన్ పేరుతో ఉండేవి రెండు వరుసల సిలిండర్లు, ముందొక గేర్ కేసు. ప్లగ్ వైర్లు ఉండవు, ఆయిల్ గొట్టాలు ఉండవు. అవన్నీ చేత్తో చేసి అతికించడమే సూపర్ డీటెయిలింగ్. సామానుకు కొదవ లేదు. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్తే మోటార్ వైండింగ్‌కు వాడే రాగితీగ వెంట్రుకంత సన్నంది కూడా దొరుకుతుంది. కష్టమల్లా ఆ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలో తెలుసుకోవడంలోనే. దానికి ఆధారాలు బెంగళూరులోనే పుట్టాయి, కొంతకాలం కంటికి కనబడకుండా పోయాయి, మళ్లీ బయటికొచ్చాయి.

వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం అండతో 1940 డిసెంబరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టారు. 1943లో అమెరికా సైనిక వైమానిక దళం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. 84వ ఎయిర్ డిపో అనే పేరుతో అది బర్మా యుద్ధరంగంలో తిరిగే విమానాలకు మరమ్మతుశాల అయింది. మొదట ఓవర్‌హాల్‌కు వచ్చింది క్యాటలీనా విమానం. ఆ తర్వాత ఆ రంగంలోని అమెరికన్ విమానాలన్నీ వరుస కట్టాయి. ఆ రోజుల్లో బెంగళూరు మెకానిక్కు రిఫరెన్స్ అంటే బల్లమీద విప్పిపెట్టిన ఇంజన్, దాని పక్కన విడిభాగాల కేటలాగు. ఈనాటి మోడలర్‌కు ఇంతకన్నా విలువైన కాగితం మరొకటి లేదని నా నమ్మకం. ఫోటో ఒక వైపే చూపిస్తుంది. విడిభాగాల కేటలాగు ప్రతి గొట్టాన్నీ, ప్రతి బిగింపునూ విడదీసి, నంబరు వేసి, దేని తర్వాత ఏదో చెబుతుంది.

ఆ బల్లమీద ఎక్కువగా కనిపించిన ఇంజన్లలో ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830, ట్విన్ వాస్ప్, ముఖ్యమైనది. క్యాటలీనాదీ అదే, డకోటాదీ అదే, నాలుగింజన్ల బాంబర్ లిబరేటర్‌దీ అదే. వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు సిలిండర్లు, సిలిండరుకు రెండు ప్లగ్గులు, మొత్తం 28 వైర్లు. దాని వ్యాసం దాదాపు 122 సెంటీమీటర్లు. 1/48 స్కేలులో అది 25 మిల్లీమీటర్లు, 1/72లో 17 మాత్రమే. ముందు వరుస పుష్‌రాడ్ గొట్టాలు ముందువైపు, వెనక వరుసవి వెనకవైపు ఉంటాయి. కాబట్టి ముందునుంచి చూస్తే సగమే కనిపించాలి. ఈ సంగతి తెలియక రెండు వరుసలకూ ముందే గొట్టాలు అతికించిన మోడళ్లు ఎన్నో ఉన్నాయి.

యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వాళ్లు కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్లను మరొకరు వాడుకోకుండా పాడుచేసి మరీ వెళ్లారు. 1948లో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (హెచ్‌ఏఎల్) మనుషులు వాటిని ఎగరగలిగేంత వరకు బాగుచేశారు. జంషెడ్ మున్షీ అనే పైలట్ ఒక్కొక్కదాన్నీ బెంగళూరుకు నడిపి తెచ్చారు. ఇక్కడ పూర్తి ఓవర్‌హాల్ అయ్యాక అవి వైమానిక దళంలో చేరి 1968 దాకా ఎగిరాయి. ప్రపంచంలో ఇవాళ మిగిలిన కొద్దిపాటి లిబరేటర్లలో చాలావాటికి ఈ బెంగళూరు గతం ఉంది. రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం కోసం 1974లో బ్రిటన్ వెళ్లిన కెఎన్751 కూడా అలాంటిదే. దాన్ని ఫోటో తీసి 1944 నాటి అమెరికన్ బాంబర్‌కు నమూనాగా పెట్టుకుంటే, మధ్యలో మన మెకానిక్కులు ఇరవై ఏళ్లపాటు మార్చిన గొట్టాలూ బిగింపులూ కూడా మోడల్‌లోకి వచ్చేస్తాయి. ఇంజన్ ఒకటే అయినా దాని తొడుగు (కౌలింగ్) వేరని కూడా గుర్తుంచుకోవాలి. డకోటా కౌలింగ్ గుండ్రం. లిబరేటర్‌ది అడ్డంగా సాగిన కోలగుండ్రం, ఎగ్జాస్టు వెనక్కి పోయి టర్బో సూపర్‌చార్జర్‌ను తిప్పుతుంది. సిలిండర్ల వెనకనుంచి ఒకదానికి పనికొచ్చే ఫోటో రెండోదానికి పనికిరాదు.

అచ్చు ఆధారాలు ఇంగ్లండునుంచి వచ్చేవి. 1909లో మొదలైన ఫ్లైట్ పత్రికలో మాక్స్ మిల్లర్ ఇంజన్‌ను కోసి చూపినట్టు వేసిన బొమ్మలు ఇప్పటికీ సాటిలేనివి. పాత సంచికలు బ్రిగేడ్ రోడ్డు పక్క సందులోని సెలెక్ట్ బుక్‌షాప్ లాంటి చోట్ల వెతుక్కోవలసిందే. 1945లో పుట్టిన ఆ దుకాణాన్ని చాలాకాలం నడిపిన కె.కె.ఎస్. మూర్తి చదువుకున్నది ఏరోనాటికల్ ఇంజనీరింగే కావడం నాకెప్పుడూ సంతోషం కలిగించే విషయం.

జెట్ కాలం వచ్చేసరికి తలుపులు మూసుకున్నాయి. 1957లో హెచ్‌ఏఎల్ ఇంజన్ విభాగం ఆర్ఫియస్ జెట్ ఇంజన్ తయారీకి మొదలైంది. నాట్ విమానానికి ఒకటి, జర్మన్ ఇంజనీరు కర్ట్ టాంక్ రూపొందించిన మారుత్ యుద్ధవిమానానికి రెండు ఆర్ఫియస్‌లు. 1961 జూన్ 17న మారుత్ మొదటిసారి ఎగిరింది. కానీ విమానాల నియమావళి (1937) 13వ నియమం ప్రభుత్వ విమానాశ్రయాల్లో అనుమతి లేకుండా ఫోటో తియ్యనివ్వదు. ఫ్యాక్టరీ లోపలి సంగతి సరేసరి. ఊళ్లోనే తయారయ్యే ఇంజన్ బొమ్మకోసం ఊరి మోడలర్ లండన్ పత్రికలు తిరగేశాడు. దేశరక్షణ అవసరాన్ని నేను కాదనను. అయితే మారుత్‌లు రిటైరైన తర్వాతైనా వాటి ఇంజన్ కొలతలూ బొమ్మలూ పుస్తకంగా రావలసింది.

2001లో హెచ్‌ఏఎల్ హెరిటేజ్ సెంటర్ తెరిచాక ఆ లోటు కొంత తీరింది. బయట మారుత్, కిరణ్, అజీత్ విమానాలు నిలబడి ఉంటాయి, లోపలి హాల్లో కోసి చూపిన ఇంజన్లు ఉంటాయి. ఆర్ఫియస్ ఏడంచెల కంప్రెసర్‌ను అడుగు దూరంనుంచి చూడవచ్చు. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం అంతకుముందు నుంచే, 1960ల నుంచి, ఊరి పిల్లలకు యంత్రాల లోపలి భాగాలు చూపిస్తోంది. అయితే మ్యూజియం ఇంజన్‌ను చదవడం నేర్చుకోవాలి. కోసిన అంచులకు వేసిన ఎరుపు, చల్లగాలికి నీలం, వేడిగాలికి ఎరుపు పాఠం చెప్పడానికి వేసినవి, విమానంలో ఉండవు. పంపులూ వైర్లూ తీసేసి ఉండవచ్చు. మెరిసే పెయింట్ ప్రదర్శనకోసం వేసింది కావచ్చు. నమ్మదగినవి పోత ఆకారాలు, బోల్టుల వరుసలు, ఫ్లాంజిల మందం. పిస్టన్ ఇంజన్ ఫోటోలో స్పార్క్ ప్లగ్ కనిపిస్తే అదే కొలబద్ద. విమానాల ప్లగ్ మర సాధారణంగా 18 మిల్లీమీటర్లు, దాంతో పక్కనున్న గొట్టం మందం లెక్కకట్టవచ్చు.

1996నుంచి యలహంకలో జరిగే ఏరో ఇండియా కొత్త ఇంజన్లను దగ్గరికి తెచ్చింది. అక్కడ స్టాండు మీద పెట్టిన ఇంజన్‌ను చుట్టూ తిరిగి ఫోటో తీసుకోవచ్చు. పాత వాటికి అమెరికన్ మాన్యువళ్ల స్కాన్లు దొరుకుతున్నాయి. తెలుగు మోడలర్లకు ఇందులో సొంత వాటా కూడా ఉంది. 1918లో నిజాం విరాళంతో వచ్చిన డీహెచ్-9ఏ విమానాలవల్ల 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు వచ్చింది. వాటిలో ఎఫ్1010 అనేది పోలండ్‌లో దశాబ్దాలుండి 1977లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి చేరింది. పన్నెండు సిలిండర్ల లిబర్టీ ఇంజన్ చెయ్యదలచినవాళ్లు దాన్ని చూడకుండా మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు మన దేశంలో ఎగిరే ట్విన్ వాస్ప్‌లు పరశురామ అనే డకోటావి. అప్పటి పార్లమెంటు సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ వైమానిక దళానికి ఇచ్చిన ఆ విమానం 2018లో హిండన్ వైమానిక స్థావరం చేరింది. 1947 అక్టోబరు 27న మన సైనికులను తీసుకుని శ్రీనగర్‌లో దిగిన డకోటా నంబరు వీపీ905నే దానికీ వేశారు. శ్రీనగర్ డకోటాను చెయ్యాలనుకునేవాళ్లు సిలిండర్లు, పుష్‌రాడ్లు, గేర్ కేసు ఆకారం పరశురామ ఫోటోలనుంచి నిశ్చింతగా తీసుకోవచ్చు. గొట్టాల బిగింపులు, వైర్ల తొడుగులు, రంగులు మాత్రం బ్రిటన్‌లో ఈ శతాబ్దంలో జరిగిన పునరుద్ధరణవి. వాటికి 1940ల నాటి ఓవర్‌హాల్ మాన్యువల్ తియ్యాలి, దానితోపాటు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లోని యుద్ధకాలపు మరమ్మతుశాలల ఫోటోలు చూడాలి.