కృష్ణారెడ్డి

కృష్ణారెడ్డి (1925–2018): లోహపు రేకుపై చెక్కి అచ్చుతీసే కళలో ప్రపంచఖ్యాతి పొందిన రాయలసీమ చిత్రకారుడు, శిల్పి. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర నేర్చుకుని, పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన 'అటెలియే 17' ముద్రణశాలలో చేరాడు.

ఈ కళలో రంగుల అచ్చుకు అంతకుముందు సాధారణంగా రంగుకో రేకు కావాల్సి వచ్చేది. హేటర్, కైకో మోతీలతో కలిసి ఈయన ఒక్క రేకుతోనే, ఒక్క అచ్చుతోనే పని కానిచ్చే పద్ధతి రూపొందించాడు. కిటుకంతా అవిసె నూనెలో ఉంది. రేకును ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపిన పలుచటి సిరాను గట్టి రోలరుతో దొర్లిస్తే మెట్టభాగాలకే అంటుతుంది. తర్వాత మెత్తటి రోలరు చిక్కటి సిరాను పల్లాల్లోకి దించుతుంది. పలుచటి సిరా ఉన్నచోట అది అంటుకోదు. రెండు రంగులూ పక్కపక్కనే, కలవకుండా నిలుస్తాయి.

'సుడిగుండం' (1963) అనే అచ్చుచిత్రం చూస్తే ఈయనలోని శిల్పి కనిపిస్తాడు: నీరు గీతలుగా కాక, తవ్విన గుంటలుగా తిరుగుతుంది. అది పూర్తి నైరూప్యం అనలేం. 1968 పారిస్ విద్యార్థుల ఉద్యమం 'ప్రదర్శనకారులు' అనే చిత్రమైంది. 1972లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, అక్కడే మరణించాడు.